గుర్రం మీది కుర్రవాడు

భోజనాలబల్ల నిండా గుర్రాలు. లెక్కపెట్టలేదు గాని, మూడువందలకు తక్కువ ఉండవు. పెళ్ళి గుర్రాలు, పందెం గుర్రాలు, బీచిలో పిల్లల్ని తిప్పే గుర్రాలు, పోలీసు కవాతు గుర్రాలు. అన్నిటికీ పోస్టుకార్డు సైజు కాపీలు తీయించి, పేకముక్కల్లా పరిచి, వారం రోజులుగా వాటిచుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నాను. ఆ వారమూ మా ఇంట్లో భోజనాలు నేలమీదే.

“ఏమండీ, ఈ అశ్వశాల ఎప్పటికి ఖాళీ అవుతుంది?” అని మా ఆవిడ పూటకొకసారి అడుగుతూనే ఉంది.

సంగతేమిటంటే, నేను విశాఖపట్నంలో నలభైయేళ్ళుగా ఫోటోలు తీసి పొట్ట పోసుకుంటున్నవాణ్ణి. పెళ్ళిళ్ళు తీశాను, బారసాలలు తీశాను, ఫ్యాక్టరీ ప్రారంభోత్సవాలు తీశాను. కాని గుర్రం కనబడితే మాత్రం చేతిలో పని వదిలేసి దానివెంట పడే జబ్బు ఒకటి మొదటినుంచీ ఉంది. ఈమధ్య గుర్రపుస్వారీ నేర్పే సంస్థవారు ఒకరు కబురుపెట్టారు: “గుర్రమూ, రౌతూ కలిసి ఉన్న పటాలు ఇరవై ఏరి ఇవ్వండి. మా హాల్లో వరసగా పెట్టి, పుస్తకం కూడా వేస్తాం” అని. ఇలా ఏరి కూర్చిన కట్టనే మా వృత్తిలో పోర్ట్‌ఫోలియో అంటారు. మా ఆవిడ భాషలో ‘ఫోటోల పెట్టె’.

తీయడం కంటే ఏరడం కష్టమండీ. తీసేటప్పుడు గుర్రం కదులుతుంది, రౌతు కదులుతాడు, ఎండ కదులుతుంది. ఒక్క క్షణం దొరికితే దొరికినట్టు. ఏరేటప్పుడు అన్నీ కదలకుండా పడివుంటాయి. మనసే కదులుతుంది. నిన్న బాగున్నది ఇవాళ బాగుండదు.

మొదటిరోజు పని సులువుగానే సాగింది. చిన్న లెన్సుతో మరీ దగ్గరకు వెళ్ళి తీసినవన్నీ తీసి పారేశాను. అలా తీస్తే గుర్రానికి మూతి గుమ్మడికాయంతా, వెనకభాగం నిమ్మకాయంతా వస్తుంది. గుర్రాన్ని ముచ్చటగా చూపించాలంటే నాలుగడుగులు వెనక్కి వెళ్ళి, పొడుగు లెన్సు పెట్టి, కెమెరాను దాని భుజమంత ఎత్తులో పట్టుకోవాలి. నిలువెత్తు మనిషి కంటి ఎత్తునుంచి తీస్తే కాళ్ళు పొట్టివవుతాయి. పక్కనుంచి తీసే పటమైతే నాలుగు కాళ్ళూ విడివిడిగా కనబడాలి. రెండే కనబడితే బల్లకు చెక్కిన బొమ్మలా ఉంటుంది. తెల్లగుర్రాన్ని కెమెరా లెక్క ప్రకారం తీస్తే బూడిదరంగు గుర్రం వస్తుంది, నల్లగుర్రాన్ని తీసినా అదే బూడిద. కెమెరాకు ప్రపంచమంతా బూడిదే కాబోలు. ఆ లెక్కను మనమే దిద్దుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం చెవులు. గుర్రం మనసంతా చెవుల్లో ఉంటుంది. రెండు చెవులూ ముందుకు నిలబడితే పటానికి ప్రాణం వస్తుంది; వెనక్కి వాలితే ఎంతటి పంచకల్యాణి అయినా అలిగి కూర్చున్న పెళ్ళివారిలా ఉంటుంది. అందుకే నా సంచీలో ఎప్పుడూ ఒక రేకుడబ్బా, దానిలో గుప్పెడు శనగలు. సరిగ్గా మీట నొక్కేముందు ఆడిస్తే, దాణా వచ్చిందనుకొని గుర్రం చెవులు నిక్కబొడుస్తుంది. ఈ మోసం నేను కొన్ని వందల గుర్రాలకు చేశాను. దైవం క్షమించుగాక.

చెవులు చూసి ఏరితే నూటముప్ఫై మిగిలాయి. రెండోరోజునుంచి అసలు చిక్కు.

మలక్‌పేట పందెపుగుర్రాలవే నలభై ఉన్నాయి. హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా తెల్లవారుజామున అక్కడికి పోయేవాణ్ణి. పందేలకోసం కాదు, పాఠకులు అపార్థం చేసుకోవద్దు. పొద్దున్నే గుర్రాలను తిప్పే సమయంలో వెలుతురు బాగుంటుందని. హైదరాబాదులో పందేలు 1868లో మౌలాలీ దగ్గర మొదలయ్యాయి. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ 1886లో వాటిని మలక్‌పేటకు తెప్పించుకున్నాడు. ఆయన ఆస్థానపు ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్. ఎక్కడో మీరట్ దగ్గర సర్ధానాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టుకున్న మనిషి. ఆయన గాజుపలకల నెగెటివులు 2,800 పైచిలుకు ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆ రోజుల్లో గుర్రాన్ని గాజుపలకమీద నిలబెట్టడమంటే మాటలా! అది తోక ఆడిస్తే తోక ఉండదు, తల విదిలిస్తే తల ఉండదు. అందుకని ఎవరో ఒకరు దాన్ని పట్టుకుని నిలబడేవారు.

గుర్రం ఫోటోకు ప్రపంచప్రఖ్యాతి తెచ్చినవాడు మైబ్రిడ్జి. 1878 జూన్‌లో అమెరికాలోని పాలో ఆల్టోలో పన్నెండు కెమెరాలు వరసగా పెట్టి, పరుగెత్తే గుర్రానికి నాలుగు కాళ్ళూ ఒక్కసారే నేలవిడిచే క్షణం ఉందని చూపించాడు. ఆ గుర్రం పేరు శాలీ గార్డ్‌నర్ అని మా వృత్తిలోవాళ్ళకు నోటికి వచ్చు. పైనున్న జాకీ పేరు చెప్పమంటే నూటికొక్కడు చెప్పలేడు. నేనూ పుస్తకం తిరగెయ్యవలసిందే.

మలక్‌పేటవి ఆరు ఉంచాను. పెళ్ళివి నాలుగు. ఎక్కువ ఉంచితే అన్నిటిలోనూ ఒకే కథ. పెళ్ళికొడుకు భయపడుతూ ఉంటాడు, గుర్రం విసుక్కుంటూ ఉంటుంది. రౌతు మెత్తనైతే గుర్రం మూడుకాళ్ళమీద నడుస్తుందని ఊరికే అన్నారా! బీచివి మూడు. ఇలా ఏరుకుంటూ పోగా పంతొమ్మిది తేలాయి. ఇరవయ్యోది, అంటే వరసలో మొట్టమొదట పెట్టవలసినది, ఏదో నాకు మొదటిరోజునుంచీ తెలుసు. దానికి ఏరికతో పనిలేదు.

1994 డిసెంబరులో పాడేరు మన్యంలో, జి. మాడుగుల వైపు ఒక సంతలో తీసిన పటం అది. పొట్టి కొండగుర్రం, జేగురురంగు, నుదుట కొడవలిలాంటి తెల్లమచ్చ. జీను లేదు, రికాబులు లేవు. మడతపెట్టిన గోనెసంచిమీద పధ్నాలుగేళ్ళ కుర్రవాడు. వెనక మంచు, మంచులో మసగ్గా కొండ. కుర్రవాడు తిన్నగా కెమెరాలోకి చూస్తున్నాడు, ఆ కొండలన్నీ తన తాతగారివన్నట్టు. ‘కొండల రౌతు’ అని పేరుపెట్టాను. దానికొక పోటీలో మొదటి బహుమతి వచ్చింది, ఒక కాలెండరుమీద అచ్చయింది, దాని పేరుచెప్పి నాకు నాలుగు పనులు దొరికాయి. ఒకటే లోపం. గుర్రం కుడిచెవి ముందుకు ఉంది గాని, ఎడమచెవి పక్కకు తిరిగిపోయింది. “డబ్బా ఇంకొంచెం గట్టిగా ఆడించవలసింది” అన్నాడు బహుమతి ఇచ్చిన పెద్దమనిషి. నిజమేననుకున్నాను.

ఆ పటం బల్లమీద మొదటి గడిలో పెట్టి చేతులు దులుపుకుంటుంటే మా ఆవిడ వచ్చి చూసింది.

“ఈ అబ్బాయికి కాపీ పంపిస్తానని చెప్పి వచ్చారు కదూ?”

ఆవిడ జ్ఞాపకశక్తి నాకు మొదటినుంచీ పెద్ద ఇబ్బంది. అవును, చెప్పాను. ఊరిపేరు సిగరెట్టుపెట్టె అట్టమీద రాసుకున్నాను. ఆ అట్ట ఎక్కడ పోయిందో పోయింది. ఆ తరవాత బహుమతి, కాలెండరు, పిల్లల చదువులు... ముప్ఫయ్యేళ్ళు దాటిపోయాయి.

“ఇప్పుడెక్కడ వెతుకుతాను?” అన్నాను.

“గుర్రాలు వెతకడానికి హైదరాబాదు దాకా వెళ్ళారుగా. పాడేరు అంతకంటే దూరమా?”

పోయిన డిసెంబరులో, పెద్దసైజు కాపీ ఒకటి అట్టల మధ్య పెట్టుకుని బయలుదేరాను.

విశాఖపట్నంనుంచి పాడేరు నూటపది కిలోమీటర్లు. చోడవరం దాటి మాడుగుల చేరాక బస్సులో సగంమంది దిగి హల్వా పొట్లాలు కొనుక్కున్నారు. గోధుమపాలు, నెయ్యి, జీడిపప్పు, బాదంపప్పు వేసి కట్టెలపొయ్యిమీద గంటలతరబడి కలియబెట్టే ఆ హల్వా గురించి చెబుతూ కూర్చుంటే గుర్రాలు వెనకబడిపోతాయి. నేనూ అరకిలో కొన్నానని మాత్రం మనవి చేస్తాను. కొత్తవారికి ఇక్కడొక తికమక ఉంది. కింద ఉన్నది మాడుగుల, కొండమీద ఉన్నది జి. మాడుగుల, అంటే గంగరాజు మాడుగుల. 1994లో నేను ఈ రెండింటినీ ఒకటే అనుకుని ఒకపూట కిందనే తిరిగి, హల్వా తిని, గుర్రాలు లేవని విసుక్కున్నాను.

మాడుగుల దాటితే ఘాటురోడ్డు. ఒక మలుపు తిరిగేసరికి ఎండ, ఇంకో మలుపుకు పొగమంచు. పైకి వెళ్ళేకొద్దీ సిల్వరోకు చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగెలు, వాటి నీడన కాఫీ మొక్కలు. కాయలు ఎర్రబారే కాలం. ఇళ్ళముందు పట్టాలు పరిచి ఆరబోశారు. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ కాయల పరువు పెరిగింది. పొలాల్లో వలిసెపూలు ఇంకా అక్కడక్కడ పచ్చగా ఉన్నాయి. పాడేరు మూడువేల అడుగుల ఎత్తున ఉంది. డిసెంబరులో అక్కడ స్వెట్టరు లేకుండా దిగినవాడికి బుద్ధి వస్తుంది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడ్డాక అదే జిల్లాకేంద్రం. నేను ఎరిగిన పాడేరు ఒక్క వీధి. ఇప్పుడు ఆఫీసులు, హోటళ్ళు, సెల్‌ఫోను దుకాణాలు. మోదకొండమ్మ గుడిదగ్గర దిగి దండం పెట్టుకుని, కాపీ ఇచ్చే వరకూ కాఫీ తాగనని మొక్కుకోబోయి, ఆ చలికి భయపడి మానేశాను.

సంతరోజున జి. మాడుగుల వైపు వెళ్ళాను. జీపులు, ఆటోలు, మోటారుసైకిళ్ళు కిటకిటలాడుతున్నాయి. గుర్రాలేవీ? నా గుండె జారిపోయింది. కొంచెం ఎగువకు నడిస్తే, చింతచెట్టు కింద పది పన్నెండు కట్టేసి కనబడ్డాయి. రోడ్డు పడని ఊళ్ళ గుర్రాలు అవి. పసుపు, మిరియాలు, చింతపండు, కొండచీపుర్లు దిగువకు దించి, ఉప్పు, నూనె, ఎండుచేపలు, బియ్యం ఎగువకు మోసుకుపోతాయి. అడుగు వెడల్పు రాతిబాటమీద, వానాకాలంలో అయితే ఆ బురదలో, రెండు బస్తాలు చెరోపక్క వేసుకుని అవి ఎక్కే తీరు చూడాలి. ముందుకాలు పెట్టేముందు ఒక్క లిప్త ఆగి, రాయి కదులుతుందేమో చూసుకుని మరీ పెడతాయి. మలక్‌పేట గుర్రాన్ని ఆ బాటమీదికి తెస్తే మొదటి మలుపులోనే కాలు విరుచుకుంటుంది. ఇక్కడ గుర్రాన్ని ఎక్కేవాళ్ళు తక్కువ. మోయించేవాళ్ళే ఎక్కువ. జ్వరం వచ్చినవాణ్ణో, ముసలివాళ్ళనో ఎక్కిస్తారు. మిగతావాళ్ళు పక్కన నడుస్తారు. ఈ సంగతి 1994లో నేను గమనించలేదు.

ఫోటో తీసి చూపించాను. నలుగురు మూగారు. కుర్రవాణ్ణి ఎవరూ గుర్తుపట్టలేదు. పట్టరు గదా, ముప్ఫయ్యేళ్ళలో ఎవరి ముఖం నిలుస్తుంది! పొగచుట్ట కాలుస్తున్న ఒక ముసలామె ఫోటోను దగ్గరగా పెట్టుకుని చూసి, “ఈ గుర్రం నాకు తెలుసు” అంది. “నుదుట కొడవలి. దీని పిల్లకీ అలగే ఉండేది.” వెంటనే ఇంకో ఇద్దరు ఒప్పుకున్నారు. గుర్రాన్ని పట్టుకుంటే ఊరు దొరికింది. ఊరు దొరికితే మనిషి దొరికాడు. ఒక మోటారుసైకిలువాడు నన్ను వెనక ఎక్కించుకుని, కొత్తగా వేసిన సిమెంటు రోడ్డుమీద ఎగువకు తీసుకుపోయాడు.

నా ‘కొండల రౌతు’ కాఫీకాయలు ఆరబోస్తున్నాడు. నలభై దాటినవాడు, జుట్టు నెరిసింది, ఇంటిముందు ఎర్రటి మోటారుసైకిలు. ఫోటో చేతికిచ్చాను. చాలాసేపు చూశాడు. నవ్వాడు. పెళ్ళాన్ని పిలిచాడు, పిల్లల్ని పిలిచాడు. నేను క్షమాపణ చెప్పుకోవడానికి మాటలు కూడగట్టుకుంటున్నాను.

“మీరు వత్తారని శానా రోజులు సూసినాం బాబూ,” అన్నాడు. “సంతకి ఎల్లినప్పుడల్లా మా మావ అడిగీవోడు, పొటో బాబు వచ్చినాడేటని.”

“మీ మావ ఎందుకు?”

“ఆయన గుర్రమే గదా ఇది.”

నాకు సరిగా వినబడలేదనుకున్నాను. “ఈ గుర్రం నీది కాదూ?”

“నాదెక్కడిది బాబూ? నాకు అప్పుడు గుర్రం లేదు. మీరు ‘ఎక్కు, ఎక్కు’ అన్నారు, ఎక్కినాను. మావ పట్టుకున్నాడు. అదే మొదటిసారి నేను ఎక్కడం. కాళ్ళు ఒణికిపోనాయి.”

మంచూ, కొండా, తాతగారి ఆస్తిలాంటి ఆ చూపూ... భయంతో బిగుసుకుపోయిన పిల్లవాడి చూపట అది! దానికి బహుమతి. నా మొహం ఎలా ఉందో గాని, అతని కూతురు నవ్వాపుకోలేక లోపలికి పారిపోయింది.

మావ పోయి ఇరవైయేళ్ళయింది. ఆ ఊరికి సెల్‌ఫోన్లు రాకముందే పోయాడు. అత్త ఉంది. రెండిళ్ళ అవతల అరుగుమీద ఎండకు కూర్చుని చింతపండులో గింజ తీస్తోంది. మేనల్లుడు ఫోటో ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, గుర్రం మూతిమీద వేలు పెట్టింది. దాని పేరేదో పిలిచింది. తరవాత నెమ్మదిగా అంది:

“ఇది గుర్రం. ఈడు మా వోడు. మరి ఆయనేడీ?”

ఎవరూ మాట్లాడలేదు. ఆమె వేలు గుర్రం మెడమీదుగా, కళ్ళెందగ్గరనుంచి పగ్గం వెంట జరుగుతూ పోయింది. ఆ పగ్గం వదులుగా వేలాడడం లేదు, బిగుతుగా లాగివుంది. ఫోటో ఎడమ అంచుదాకా వెళ్ళి అక్కడ తెగిపోయింది.

“ఇదెవులు పట్టుకున్నారు బాబూ?”

తప్పు పట్టడం కాదు సుమండీ. తెలుసుకుందామని అడిగింది, అంతే. ఆయన ఫోటో ఓటుకార్డుమీద ఒకటి ఉండేదట. ఆ కార్డును చూరులో పెట్టారు, చెదలు తినేశాయి. అంతకుమించి ఏమీ లేదు.

నేను ఆ రాత్రి పాడేరులో గది తీసుకుని పడుకున్నాను గాని నిద్రపట్టలేదు. నెగెటివును నేను కోసి ముద్రించినట్టు జ్ఞాపకం. ఎడమపక్క ఏదో అడ్డం వచ్చిందని కోశాను. ఏమిటి అడ్డం వచ్చింది?

ఇంటికి వచ్చీ రాగానే అటకమీది పెట్టె దింపాను. నెగెటివులు వెన్నకాగితాల్లో వేసి, తేదీ రాసి దాచుకోవడం మా గురువుగారు నేర్పిన ఒక్క మంచి అలవాటు. పదిహేడో నంబరు. దీపంముందు పెట్టి చూద్దును గదా, ఎడమపక్క మోచేతిదాకా ఒక చెయ్యి. మణికట్టుకు నల్లతాడు. పిడికిట్లో పగ్గం. గుర్రం ఎడమచెవి ఆ చేతివైపు తిరిగి ఉంది. లోపం లోపమంటూ ముప్ఫయ్యేళ్ళు ఏడ్చిన చెవి! నేను డబ్బా ఆడిస్తుంటే ఒక చెవి నాకిచ్చి, రెండోది తన యజమానికి ఇచ్చింది. ఆయన పక్కనుంచి ఏదో మెల్లగా చెబుతూ ఉండివుంటాడు.

పక్కనే పద్దెనిమిదో నంబరు. దానిమీద ఎర్రపెన్సిలుతో పెద్ద గుణకారం గుర్తు నా చేతిరాతే. కుర్రవాడు దిగిపోయాడు, మావ గుర్రాన్ని నడిపించుకు పోతున్నాడు. మంచులో వెలుతురు చాలక నెమ్మదైన వేగంమీద తీశాను కనుక అంతా అలికినట్టుంది. మనిషి సగంముఖం ఇటు, చెయ్యి గుర్రం మెడమీద, నోరు కొంచెం తెరిచి ఉంది. గుర్రం రెండు చెవులూ అతనివైపే. నా వృత్తి లెక్కల ప్రకారం చెత్తబుట్టలో వెయ్యవలసిన పటం. ముక్కు ఎక్కడో కన్ను ఎక్కడో తెలియదు.

ఆ తరవాత చేసిన పని చెబితే నవ్వుతారు. బల్లమీది పంతొమ్మిది పటాలూ అవతల పెట్టి, వాటి నెగెటివులు, కంప్యూటరులో ఉన్న మూలాలు ఒక్కొక్కటే తీసి అంచులు చూశాను. మలక్‌పేట గుర్రాల పక్కన సాయీసుల భుజాలు, మోచేతులు. పెళ్ళికొడుకుల పక్కన కళ్ళెం పట్టుకున్న మనిషి తలపాగా. బీచిలో పిల్లవాడి పక్కన, గుర్రం నీడలో కలిసిపోయి, చెప్పుల్లేని రెండు కాళ్ళు. పంతొమ్మిదింటిలో పదకొండింటిలో ఎవరో ఉన్నారు. అన్నిటిలోనూ నేనే కోసేశాను. శుభ్రంగా, కొలతపెట్టి, అద్దం అంచులా కోశాను. వాళ్ళు లేకపోతే ఆ గుర్రాల్లో ఒక్కటైనా నా కెమెరాముందు క్షణం నిలబడేది కాదు.

స్వారీ సంస్థ కార్యదర్శిగారికి ఫోను చేశాను. వరస మారుస్తానన్నాను. ఆయన మర్యాదస్థుడు, విని, “బాగానే ఉందండీ, కాని మేము అడిగింది గుర్రమూ–రౌతూ. పట్టుకున్నవాళ్ళందరినీ పెడితే స్వారీ ఎక్కడ కనబడుతుంది? అదీగాక మసకబొమ్మ మొదట పెడితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు?” అన్నారు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. పటం మంచిచెడ్డలు, దాని వెనక కథనుబట్టి నిర్ణయించకూడదు. గోడమీద వేలాడేది పటమే గాని కథ కాదు. ఇది నేనే కుర్రవాళ్ళకు పాఠం చెబుతుంటాను. రెండురోజులు ఆలోచించాను. చివరకు పదిహేడో నంబరు కొయ్యకుండా, చేతితోసహా మొదట పెట్టాను. పేరు మార్చాను: ‘మావ గుర్రం మీద మేనల్లుడు, 1994’. పద్దెనిమిదో నంబరు చిట్టచివర పెట్టాను. మధ్యలో ఆరుచోట్ల కోతలు విప్పేశాను. మిగతా అయిదింటిలో విప్పితే పటం నిజంగానే చెడింది, అవి అలాగే ఉంచాను. కార్యదర్శిగారు చివరిదానికి ఇంకా ఒప్పుకోలేదు. వారంలో చెబుతానన్నారు.

ఆ రెండు పటాలూ పెద్దవి చేసి, సంక్రాంతి వెళ్ళిన నాలుగోరోజున మళ్ళీ పాడేరు బస్సెక్కాను. ఈసారి మా ఆవిడ కూడా వచ్చింది; హల్వాకోసమేనని దారంతా చెప్పింది.

అత్త అరుగుమీదే ఉంది. మొదట చెయ్యి ఉన్న పటం ఇచ్చాను. ఆమె నల్లతాడు చూసి తల ఊపింది. రెండోది ఇచ్చేముందు నాకు సిగ్గేసింది. “అమ్మా, ఇది సరిగా రాలేదు. వెలుతురు లేదు. నా చెయ్యి కదిలిపోయింది” అని ముందే చెప్పేశాను.

ఆమె దాన్ని ఎండకు పట్టుకుని చూసింది. దగ్గరగా చూసింది, దూరంగా పెట్టి చూసింది. ఊళ్ళోవాళ్ళు ఆమె భుజాలమీదుగా తొంగిచూస్తున్నారు. ఒక కుర్రవాడు, “ఏటీ, మొకం అవుపించడం లేదు” అన్నాడు.

“అవుపించకపోడమేటి? ఆయనే,” అంది ఆమె. తరవాత నావైపు తిరిగి, “మీ సెయ్యి కదిలింది కాదు బాబూ. ఆయన ఒక్క సిటం ఒకకాడ నిలబడీవోడా?” అంది.

మా ఆవిడ ఆమె పక్కన కూర్చుని చింతపండు గింజ తీయడం మొదలుపెట్టింది. మేనల్లుడు వచ్చి నా చెయ్యి పట్టుకుని ఇవతలికి లాక్కుపోయాడు. ఇప్పుడు అతనికి గుర్రం లేదు; ఊరికి రోడ్డు పడ్డ ఏడే అమ్మేశాడట. తలదువ్వుకుని, కొత్తచొక్కా తొడుక్కుని, ఎర్ర మోటారుసైకిలు తుడిచి సిద్ధంగా పెట్టాడు.

“ఇది మట్టుకు నాదే బాబూ,” అన్నాడు. “తియ్యండి.”

తీశాను. అతని కూతురు హేండిలు పట్టుకుని పక్కన నిలబడింది. జరగమని చెప్పలేదు.